లోకాన్నంతా అడిగిన సూపర్‌వైజరు

మడతల హాలు సూపర్‌వైజరుకి రెండు జీవితాలు. ఒకటి లాండ్రీలో. ఆసుపత్రులవీ హోటళ్ళవీ దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, మడిచి పంపే పెద్ద రేకుల షెడ్డు అది. అక్కడ పొద్దెక్కకుండానే ఆవిరికి చొక్కా వీపుకి అంటుకుపోతుంది. రెండోది ఫోనులో. అక్కడ చెమట పట్టదు.

'అరుగు' అనే చర్చావేదికలో ఆయన పేరు 'తటస్థుడు'. నీతి, సమాజం, సాంకేతికత అనే మూడు విషయాల మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు వేలమంది అక్కడ వాదించుకుంటారు. యంత్రం తప్పు చేస్తే ఆ పాపం ఎవరిది? మనిషి చూపు కంటే కెమెరా చూపు నయమా? ఇలాంటి ప్రశ్నలు. ఒక్కదానికైనా జవాబు దొరికిన దాఖలా లేదు. దొరికితే మర్నాడు ఏం చేస్తారు పాపం?

అరుగుకి ఒక నియమం ఉంది. ముందు నిర్వచనం, తర్వాతే అభిప్రాయం. 'అన్యాయం' అనే మాట వాడాలంటే అన్యాయమంటే ఏమిటో ముందు అందరూ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ మాట రాసిన టపాను తీసేస్తారు. ఈ నియమాన్ని రాసింది తటస్థుడే. అది వచ్చినప్పటి నుంచీ అరుగు మీద ఎవరికీ అన్యాయం జరగలేదు. చర్చల స్థాయి పెరిగిందని అందరూ మెచ్చుకున్నారు.

ఆయన భార్య బస్టాండులో టికెట్ల కౌంటరులో కూర్చుంటుంది. వాదనలు ఆమెకి కొత్తకాదు. కాకపోతే ఆమె వాదనలన్నీ బస్సు కదిలేలోపు తేలిపోవాలి.

"ఏమండీ, వంటింట్లో పంపు కారుతోంది. ప్లంబర్ని పిలుస్తారా?"

"ఒక్క నిమిషం. ఇక్కడొకాయన స్వేచ్ఛంటే ఏంటో తెలీకుండా మాట్లాడుతున్నాడు."

"తెలిస్తే మన పంపు ఆగుతుందా?"

"నీకు ప్రతిదీ పంపుతో ముడిపెట్టడం అలవాటైపోయింది."

"నీళ్ళు నా కాళ్ళ మీద పడుతున్నాయి మరి. మీ కాళ్ళ మీద పడితే మీరూ ముడిపెడతారు."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. ఈయన పల్లకీ బయట కూడా లేదు. ఫోనులోనే ఊరేగుతుంది.

అలాగని చెడ్డవాడు కాడు. హాలులో ఆడవాళ్ళని ఏనాడూ కసరలేదు. ఎవరికైనా కళ్ళు తిరిగితే తన కుర్చీ తెచ్చి వేస్తాడు. ఆయనతో చిక్కల్లా ఒక్కటే. కుర్చీ వేయడానికి ధైర్యం అక్కర్లేదు. ధైర్యం కావలసిన చోట ఆయన రెండు వైపులా ఆలోచించేవాడు.

మడతల హాలులో పని జంటల మీద నడుస్తుంది. ఇస్త్రీ చేసే రోలర్లోంచి దుప్పటి కాలుతూ బయటికొస్తుంది. జంటలో ఒకామె దాన్ని లాగి, కొసలు పట్టుకుని నడిచొస్తుంది. రెండో ఆమె బల్ల దగ్గర నిలబడి ఎదురు కొసలు అందుకుంటుంది. ఇద్దరూ సాగదీసి మడుస్తారు. బల్ల దగ్గరున్నామె చివరి మడత వేసి దొంతర మీద పెడుతుంది. నడిచేవాళ్ళు ఒకరు, పెట్టేవాళ్ళు ఒకరు. కంపెనీ లెక్క ప్రకారం ఇద్దరూ వంతులు మార్చుకోవాలి. హాలులో మాత్రం ఎవరూ రాయని ఇంకో పద్ధతి ఉంది. భుజం లేవనివాళ్ళు, నెలలు నిండుతున్నవాళ్ళు, వయసు మీదపడ్డవాళ్ళు బల్ల దగ్గరే ఉంటారు. జతగత్తె నడుస్తుంది. రేపు ఆమెకు నొప్పొస్తే ఇంకొకామె నడుస్తుంది. దీనికి ఎవరూ దయ అని పేరు పెట్టలేదు. పేరు పెట్టేంత తీరిక రోలరు ఇవ్వదు.

పెద్దమ్మ, తూనీగ అలాంటి జంట. పెద్దమ్మ హాలులో అందరికీ పెద్దమ్మే. కుడిచెయ్యి భుజం దాకా కూడా లేవదు. ఇంకో ఏడాది నెట్టుకొస్తే పింఛను వస్తుంది. ఒకచోట కాలు నిలవని పిల్లకి తూనీగ అని పేరు పెట్టింది ఆమే. తూనీగ మొగుడి ఇల్లు వదిలేసి, కూతుర్ని చంకనేసుకుని బయటికొచ్చి, ఒక గది అద్దెకు తీసుకుంది. ఈ ఉద్యోగం చూసే ఇల్లుగలామె గది ఇచ్చింది. ఉద్యోగం పోతే గదీ పోతుంది. గది పోతే మళ్ళీ ఆ మొగుడి గుమ్మమే గతి.

ఒకరోజు ప్రతి బల్ల మీదా, పైన కప్పుకి, నల్లటి గాజుగుడ్డులాంటి కెమెరా ఒకటి వేలాడింది. దాన్ని బిగించిన ఇంజనీరు సూపర్‌వైజర్లని మేనేజరు గదిలో కూర్చోబెట్టి తెరమీద బొమ్మలు చూపించాడు.

"దొంతర మీద దుప్పటి పెట్టిన చేతికి ఒక మార్కు. సింపుల్."

"మరి నడిచే ఆమెకి?" అన్నాడు మన సూపర్‌వైజరు.

"నడక పని కాదు సార్. కదలిక."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఈ లెక్క సంగతి ఆడవాళ్ళకి చెప్పకండి. తెలిస్తే కెమెరా ముందు నటిస్తారు."

సూపర్‌వైజరు తలూపాడు. ఆ సాయంత్రమే అరుగు మీద 'పారదర్శకత లేని యంత్రం ప్రజలకి గొడ్డలిపెట్టు' అని పెద్ద వ్యాసం రాశాడు. దానికి వచ్చినన్ని చప్పట్లు అంతకుముందు దేనికీ రాలేదు. 'మౌనముని' అనే సభ్యుడు, అరుగు మీద అందరికంటే ఎక్కువ మాట్లాడేవాడు, చదువుతుంటే కళ్ళు చెమర్చాయని రాశాడు.

మర్నాడు తూనీగ పైకి చూపించి అడిగింది. "అన్నా, ఆ నల్లగుడ్డు ఏం చేస్తుంది?"

"అదా... భద్రత కోసం."

"ఎవరి భద్రత?"

"భద్రతంటే, విస్తృతమైన అర్థంలో తీసుకుంటే..."

"సరేలే అన్నా, అర్థమైంది. మాది కాదు."

కొన్నాళ్ళు గడిచాయి. ఒక సోమవారం సూపర్‌వైజరు చేతిలోని ట్యాబ్‌లో సందేశం మెరిసింది. తూనీగ ఫోటో, దాని కింద రెండు ముక్కలు. 'ఉత్పాదకత తక్కువ. తొలగింపునకు సిఫార్సు. సూపర్‌వైజరుకి అభ్యంతరం ఉంటే శుక్రవారం మధ్యాహ్నంలోపు తెలపాలి. తెలపకపోతే అంగీకరించినట్టే.'

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. దొంతర మీద దుప్పట్లు పెట్టేది పెద్దమ్మ, మోసేది తూనీగ. మార్కులన్నీ పెద్దమ్మకి పడ్డాయి, సున్నాలన్నీ తూనీగకి. నాలుగు మాటలు రాస్తే తూనీగ ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఆ నాలుగు మాటలు పైవాళ్ళు నమ్మితే, పెద్దమ్మ మార్కులు ఆమెవి కావని తేలుతుంది. అప్పుడు గొడ్డలి అటు తిరుగుతుంది. ఒకరికి పింఛను, ఒకరికి గది. ఇది నిజంగానే గట్టి చిక్కు. ఎంతటివాడికైనా ఒక పూట నిద్రపట్టనివ్వదు.

ఆయన చిక్కుని తీసుకెళ్ళి అరుగు మీద పెట్టాడు.

గోప్యత పాటించాలి గనక ఆడవాళ్ళని మగవాళ్ళు చేశాడు, దుప్పట్లని ఇటుకలు చేశాడు, లాండ్రీని తీసుకెళ్ళి ఒక కాల్పనిక గ్రహం మీద దించాడు. 'క' అనేవాడు ఇటుకలు మోస్తాడు, 'గ' అనేవాడు పేరుస్తాడు. పేర్చిన చేతినే యంత్రం లెక్కపెడుతుంది. 'స' అనే సూపర్‌వైజరు నిజం చెబితే 'గ' పోతాడు, చెప్పకపోతే 'క' పోతాడు. 'స' కర్తవ్యం ఏమిటి?

అరుగు అదిరిపోయింది. ఇంత మంచి ప్రశ్న ఈమధ్య రాలేదన్నారు.

'నిప్పులాంటి నిజం' అనే సభ్యుడు ముందుగా ఇటుకని నిర్వచించమన్నాడు. మౌనముని మూడు భాగాలుగా రాశాడు: 'క' నిజంగా 'గ'కి సాయం చేస్తున్నాడా, లేక సాయం చేస్తున్నాననే తృప్తిని అనుభవిస్తున్నాడా? అలాగైతే ఆ తృప్తే అతని కూలి, ఇంకా ఉద్యోగం ఎందుకు? 'సగటుజీవి' అనే ఆయన ఆ గ్రహం మీద గురుత్వాకర్షణ ఎంతో చెప్పమన్నాడు. తక్కువైతే ఇటుకలు మోయడం శ్రమ కిందికి రాదట. తటస్థుడు అందరికీ ఓపిగ్గా, మర్యాదగా జవాబులిచ్చాడు. గురుత్వాకర్షణకి అంకె కూడా ఇచ్చాడు.

ఎవరో కొత్త సభ్యుడు ఒక్క వాక్యం రాశాడు: 'ఈ స అనేవాడు గోడమీద పిల్లిలా ఉన్నాడు.'

తటస్థుడికి చురుక్కుమంది. 'వ్యక్తిగత దూషణలు వద్దు' అని హెచ్చరించాడు.

'కాల్పనిక వ్యక్తినే కదండీ అన్నాను.'

'కాల్పనిక వ్యక్తులకూ గౌరవం ఉంటుంది.' ఈ మాటకి మళ్ళీ చప్పట్లు.

బుధవారం రాత్రి అన్నం దగ్గర ఫోను ఎడమచేత్తో నడుపుతుంటే భార్య తొంగిచూసింది.

"ఈ 'క' మీ తూనీగేనా?"

ఆయన ఫోను బోర్లించాడు.

"మిమ్మల్నే. అవునా, కాదా?"

"అది ఒక సూత్రం."

"మీ సూత్రం మొన్న మా కౌంటరు దగ్గరికొచ్చి కూతురికి స్కూలు పాసు చేయించుకుంది. ఏమైంది దానికి?"

ఆయన చెప్పాడు. ఆమె ముద్ద కలపడం ఆపింది.

"వాళ్ళిద్దరికీ చెప్పారా?"

"చెప్పకూడదు. మేనేజరు ఆర్డరు."

"గ్రహాంతరవాసులకి చెప్పొచ్చా?"

"నువ్వు విషయాన్ని చాలా తేలిక చేస్తున్నావు."

"మీరు ఇటుకలు చేశారు. నేను తేలికైనా చేశాను."

గురువారం తటస్థుడు ఓటింగు పెట్టాడు. ఇక్కడే ఆయన కొంప మునిగింది. అరుగు మీద ఓటింగు పెడితే ప్రపంచంలో ఏ మూలనున్న సభ్యుడైనా నిద్రలేచి, ముఖం కడుక్కుని, ఓటేసేంత వ్యవధి ఇవ్వాలి. భూమికి అవతలివైపు నిద్రపోయేవాడి గొంతు నొక్కకూడదని ఒకప్పుడు ఊగిపోయి వాదించి ఈ నియమాన్ని గెలిపించింది కూడా ఆయనే. ఆ లెక్కన ఓటింగు శుక్రవారం పొద్దుగూకేదాకా తెరిచి ఉండాలి. అభ్యంతరానికి గడువు శుక్రవారం మధ్యాహ్నం.

ఆయన గమనించకపోలేదు. ఓటింగు ముందే మూసేద్దామా అని ఒక క్షణం అనుకున్నాడు. అది నిద్రపోయేవాళ్ళ పట్ల ఘోరం అనిపించింది. ఫలితం వచ్చాక మేనేజరుతో మాట్లాడుకోవచ్చులే, ఒక పూట ఆలస్యానికి కొంపలేం మునగవు అనుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం సబ్బుపొడి బస్తాల గదిలో కూర్చుని సగటుజీవికి జవాబు రాస్తూ మీనమేషాలు లెక్కపెడుతుండగా ఒళ్ళోని ట్యాబ్ సన్నగా మోగింది. 'అభ్యంతరం లేదు. మీ సహకారానికి ధన్యవాదాలు.'

సాయంత్రం అరుగు ఫలితం వచ్చింది. 'మరింత సమాచారం కావాలి' అన్నది భారీ మెజారిటీతో గెలిచింది. 'ప్రశ్నే తప్పు' రెండో స్థానంలో నిలిచింది. ఫలితం చూశాక మేనేజరు గదికి వెళ్ళాడు. తాళం వేసి ఉంది.

శనివారం పొద్దున గేటు దగ్గర తూనీగ కార్డుకి ఎర్రలైటు వెలిగింది. మళ్ళీ పెట్టింది. కొంగుతో తుడిచి పెట్టింది.

"అన్నా, కార్డు పట్టట్లేదు. చూడవా కాస్త?"

"నీ పేరు లిస్టులో లేదమ్మా," అన్నాడు కాపలావాడు.

పక్కనే ఉన్న సూపర్‌వైజరు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. వెనకాల ఆడవాళ్ళు గుమిగూడారు. పెద్దమ్మ ముందుకొచ్చింది.

"ఏంటి నాయనా, ఏమైంది?"

"సిస్టమ్ నిర్ణయం పెద్దమ్మా. ఉత్పాదకత తక్కువని."

"ఎవరిది?"

"తూనీగది."

పెద్దమ్మ పకపకా నవ్వింది. ఆమెతో పాటు నలుగురు నవ్వారు. ఆయన నవ్వకపోవడం చూసి ఆగారు.

"దీనిదా? పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా నా దుప్పట్లన్నీ మోసి చచ్చేది ఇదే కదా!"

"తెలుసు," అన్నాడు ఆయన. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"తెలుసా?"

ఇక దాచేదేముంది? నల్లగుడ్డు ఎవరి చేతిని లెక్కపెడుతుందో, ఆ సంగతి తనకు ఎప్పట్నుంచి తెలుసో, నిజం చెబితే పెద్దమ్మ ఉద్యోగానికి ముప్పని ఎందుకు ఆగిపోయాడో తడబడుతూ చెప్పాడు.

"అయితే ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదా?"

"అన్నాను పెద్దమ్మా. ఒక వేదికలో. రెండువేల మంది చూశారు."

"రెండువేల మందిని అడిగావా?" పెద్దమ్మ గొంతు పెంచలేదు. దానికే ఆయనకి ఎక్కువ భయం వేసింది. "పక్కన నిలబడ్డ ఇద్దర్ని అడగలేదేం నాయనా? జంటగా చేసే పనిని జంటగానే లెక్కపెట్టమని చెప్పేవాళ్ళం కదా. ఒకళ్ళు పోవాలని నీకు ఎవరు చెప్పారు? నా మీద జాలిపడి నా కళ్ళ ముందే దాని కూడు తీశావు."

తూనీగ ఇంతసేపూ కార్డుని చేతిలో అటూ ఇటూ తిప్పుతోంది. తలెత్తింది.

"అన్నా, ఆ రెండువేల మంది నా గురించి ఏమన్నారు?"

"నువ్వంటే... నువ్వని చెప్పలేదు. ఇటుకలు మోసేవాడని. వేరే గ్రహం మీద."

"సరే. గెలిచానా?"

"మరింత సమాచారం కావాలన్నారు."

ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ వెళ్ళి హాలు గుమ్మంలో కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె, ఆ పక్కన ఇంకొకామె. లోపల రోలరుకి ఈ సంగతి తెలియదు. అది దుప్పటి మీద దుప్పటి కక్కుతూనే ఉంది. అందుకునే చేతులు లేక అవి నేల మీద కుప్పపడుతున్నాయి. కాసేపటికి ఆ కుప్ప మంచమెత్తు అయింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటిది? హోటళ్ళ లారీ వచ్చే టైమైంది!"

"తూనీగ లోపలికొస్తే మేమూ వస్తాం," అంది పెద్దమ్మ.

"అది నా చేతుల్లో లేదమ్మా. సిస్టమ్ చెప్పింది, సూపర్‌వైజరు ఒప్పుకున్నాడు. యంత్రం తప్పని తెలిస్తే ఇతను రాసేవాడు కదా? రాయలేదంటే యంత్రం చెప్పిందే నిజం." సూపర్‌వైజరు వైపు తిరిగి కళ్ళతోనే దారి చూపించాడు. "ఏమయ్యా, నీకేం తెలీదు. అంతే కదా?"

తెలీదంటే ఉద్యోగం నిలుస్తుంది. మేనేజరు అంత సులువైన వాక్యం చేతికిచ్చాడు. ఆడవాళ్ళందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన గొంతు సర్దుకున్నాడు.

"సార్, దీన్ని మనం రెండు కోణాల్లోంచి..."

"ఒక్క కోణం చాలు నాయనా," అంది పెద్దమ్మ.

ఆయన జేబులో ఫోను వణికింది. తియ్యలేదు.

"నాకు తెలుసు సార్. దుప్పట్లు మోసేది తూనీగ. కెమెరా లెక్క తప్పు. చెప్పొద్దని మీరన్నారు, నేను ఊరుకున్నాను. రాయాల్సింది, రాయలేదు."

లక్షల మాటలు రాసిన మనిషి. ఒక్క నిర్వచనం లేకుండా మాట్లాడింది ఇదే మొదటిసారి.

మేనేజరు ముఖం మాడిపోయింది. హెడ్డాఫీసుకి ఫోను చేశాడు. నిర్ణయం ఎవరిదని అడిగితే హెడ్డాఫీసు సిస్టమ్‌ది అంది, సిస్టమ్ ఎవరిదంటే బిగించినవాళ్ళది అంది. చివరికి ఆ ఇంజనీరే వచ్చాడు. జంటగా లెక్కపెట్టడం కుదురుతుందా అని అడిగితే నిచ్చెన కూడా ఎక్కకుండా, నిలబడ్డచోటే ఏదో నొక్కేశాడు.

"అది మొదట్నుంచీ ఉంది కదండీ. ఎవరూ అడగలేదు."

తూనీగ కార్డుకి ఆకుపచ్చలైటు వెలిగింది. అయినా పెద్దమ్మ లేవలేదు. నల్లగుడ్డు తమ గురించి ఏం రాసుకుంటుందో రోజూ సాయంత్రం గోడ మీద పెట్టాలంది. పరిశీలిస్తామన్నాడు మేనేజరు. పరిశీలించండి బాబూ, మాకేం తొందర లేదు, ఇక్కడ నీడగానే ఉంది, అంది ఆమె. బయట లారీవాడు హారన్ కొట్టాడు. పరిశీలన అక్కడికక్కడే పూర్తయింది.

జరిగినదానికి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. యంత్రాన్ని మందలించలేరు. చెప్పొద్దన్న మేనేజరు తనని తాను మందలించుకోడు. నడక పని కాదన్న ఇంజనీరుకి బిల్లు చెల్లించారు. మిగిలింది సూపర్‌వైజరు. కొమ్మల్లో చేతికందేదాన్నే వంచుతారు. నిర్లక్ష్యం కింద ఆయన్ని హోదా తీసేసి మడతల బల్ల పనికి పంపారు. ఆయన చేసింది తప్పే. కానీ ఆ తప్పు ఆయన ఒక్కడిదే అన్నట్టు నోటీసు బోర్డులో పెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఆ రెండో తప్పు గురించి ఈరోజుకీ ఎవరూ నోటీసు పెట్టలేదు.

ఆదివారం ఆయన అరుగు మీద జరిగింది జరిగినట్టు రాశాడు. గ్రహం లేదు, ఇటుకలు లేవు. మౌనముని స్వానుభవం సాక్ష్యం కిందికి రాదన్నాడు. గురుత్వాకర్షణ మాటేమైందని సగటుజీవి నిలదీశాడు. కాసేపటికి ఆ టపా మాయమైంది. అందులో నిర్వచించకుండా 'అన్యాయం' అనే మాట వాడారట.

సోమవారం పొద్దున ఆయన హాలులో ఎవరికీ జత లేకుండా నిలబడ్డాడు. ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు తూనీగ పెద్దమ్మని వేరే పిల్లకి అప్పగించి ఇటు వచ్చింది.

"నాతో రా అన్నా. వేరేవాళ్ళయితే నీ మీద జాలిపడతారు."

తను బల్ల దగ్గర నిలబడింది. ఆయన నడవాలి. మొదటి దుప్పటికే వేళ్ళ కొసలు చుర్రుమన్నాయి. పదో దుప్పటికి నడుము పట్టేసింది. ఆ తర్వాత లెక్క తప్పాడు. ఎదురెదురుగా నిలబడి ఒక పెద్ద హోటలు దుప్పటి సాగదీస్తున్నప్పుడు, దాని మీదుగా, మెల్లగా అడిగాడు.

"నా మీద కోపం పోయిందా?"

"పోలేదు," అంది తూనీగ. "గట్టిగా లాగు, ముడతలు పడుతున్నాయి."

ఆయన లాగాడు.